అరగదీయని సిరా కడ్డీ: చైనా రాత పరికరాలు కళావస్తువులైన తీరు

మా పెద్దమ్మ కొడుకు చైనాలో ఎంబీబీఎస్ పూర్తి చేసుకుని వస్తూ నాకో పెట్టె తెచ్చాడు. ఎర్ర శాటిన్ గుడ్డ అతికించిన అట్టపెట్టె. లోపల గుంటలు చేసి ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు అమర్చారు: రెండు కుంచెలు, బంగారు రంగు డ్రాగన్ ఉన్న నల్లటి సిరా కడ్డీ, మూత మీద ఇంకో డ్రాగన్ చెక్కిన రాయి, చిన్న పింగాణీ గిన్నె, రాతిముద్ర, దానికి ఎర్రటి ముద్ద రంగు. చాలాకాలం అది షోకేసులోనే ఉంది. వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడేవారు.

ఒక ఆదివారం దాన్ని కిందికి దించి, ఆ రాతి మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి, కడ్డీతో అరగదీశాను. చిన్నప్పటి నుంచి పూజగదిలో సాన మీద గంధపుచెక్క అరగదీసిన చెయ్యి నాది. ఎంత బరువు పెట్టాలో, ఎలా గుండ్రంగా తిప్పాలో తెలుసు. పావుగంట రుద్దినా నీళ్ళు బూడిదరంగు దాటలేదు. కడ్డీ జారుతోందే తప్ప పట్టడం లేదు. రాయి అద్దంలా నున్నగా ఉంది. చూడడానికి చేసిన రాయి అది, రాయడానికి కాదు.

అప్పుడు పుట్టిన ప్రశ్నే ఈ వ్యాసం. రాత పరికరం ఎక్కడ ఆగిపోతుంది, అలంకార వస్తువు ఎక్కడ మొదలవుతుంది? చైనావాళ్ళు దీని గురించి వెయ్యేళ్ళుగా వాదించుకుంటున్నారు. ఆ వాదన తెలియకుండా మ్యూజియం అద్దాల వెనక ఈ వస్తువులను చూస్తే చెక్కడాలు మాత్రమే కనిపిస్తాయి, అసలు సంగతి కనబడదు.

కుంచె, సిరా, కాగితం, సిరా అరగదీసే రాయి అంటే సాన. ఈ నాలుగింటినీ కలిపి చైనాలో ‘చదువుగది నాలుగు నిధులు’ అంటారు. 986లోనే సు యిజియన్ అనే పండితుడు ఈ నాలుగింటి మీదే ఒక గ్రంథం రాశాడు. అయితే నాలుగింటికీ ఆయుష్షు ఒకటి కాదు. సోంగ్ వంశకాలపు (960–1279) రచయిత టాంగ్ గెంగ్ ఒక లెక్క చెప్పాడు: కుంచె బతుకు రోజుల్లో, సిరా బతుకు నెలల్లో, సాన బతుకు తరాల్లో. ఏ మ్యూజియానికి వెళ్ళినా సానలు ఎందుకు అన్ని కనిపిస్తాయో, పాతకాలపు కుంచె వెంట్రుకలు ఎందుకంత అరుదో ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది. సుయ్ వంశకాలంలో (581–618) జియోంగ్ అనే బౌద్ధ భిక్షువు అరిగిపోయిన కుంచెలను పారెయ్యలేక గుట్టగా పోసి పాతిపెట్టాడని, దాన్ని ‘కుంచెల సమాధి’ అన్నారని చెబుతారు. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకు ఆ భిక్షువు మనసు అర్థం కాకుండా ఉండదు. అక్షరం ఉన్న కాగితాన్ని చెత్తలో వెయ్యకుండా ప్రత్యేకంగా కట్టిన చిన్న గోపురాల్లో కాల్చే ఆచారం చైనాలోనూ ఉండేది.

తరాలు బతికేది సాన కాబట్టి ముందు దాని సంగతి. బాగా పేరున్న సానరాళ్ళు రెండు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో జావోచింగ్ దగ్గర దొరికే దువాన్ రాయి ఒకటి. హువాంగ్‌షాన్ కొండలకు దక్షిణంగా, పూర్వపు షె జిల్లాలోని లాంగ్‌వే కొండ రాయి రెండోది. దీన్నే షె రాయి అంటారు. దువాన్ ఊదారంగులో ఉంటుంది. షె నల్లగా ఉండి, లోపల అలల్లాంటి చారలు కనిపిస్తాయి.

మంచి సానకు రెండు గుణాలుండాలి: సిరాను పట్టి అరగదీయాలి, కుంచె వెంట్రుకను మాత్రం కొయ్యకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. గరుకుగా ఉంటే సిరా తొందరగా దిగుతుంది గానీ రవ్వలు రవ్వలుగా ఉంటుంది, వెంట్రుకల కొసలు తెగుతాయి. నున్నగా ఉంటే నా పెట్టెలోని రాయిలా కడ్డీ జారిపోతుంది. మంచి దువాన్ రాయిలో మెత్తటి ఖనిజాల మధ్య కంటికి కనబడని గట్టి రేణువులు సమంగా పరుచుకుని ఉంటాయి. చేత్తో తడిమితే పసిపిల్లవాడి చర్మంలా ఉంటుంది, కడ్డీ పెడితే పట్టుకుంటుంది. చైనా పండితులు ఈ రేణువులను కత్తి మొనలతో పోల్చారు. నోటి ఆవిరి ఊదితే తడి పట్టే రాయిని మేలిరకం అనేవారు. పోసిన నీటిని పీల్చుకోకుండా నిలబెట్టుకోవడం కూడా మంచి రాయికి గుర్తు.

ఇక అలంకారం. దువాన్ రాయిలో అక్కడక్కడా లేత ఆకుపచ్చ మచ్చలుంటాయి. గుండ్రంగా, వలయాలతో, నడిమధ్యన ముదురు చుక్కతో అచ్చం పక్షి కన్నులా ఉంటాయి. వాటిని ‘కళ్ళు’ అనే అంటారు. సిరా దిగడానికి ఈ కళ్ళు చేసే మేలు ఏమీ లేదు. అయినా చెక్కేవాళ్ళు ఆ కన్నును చంద్రుణ్ణి చేసి చుట్టూ మబ్బులు చెక్కారు, ఫీనిక్స్ పక్షి కన్నుగా చేశారు. నిజమైన పనితనం ఎక్కడుందంటే, సిరా అరగదీసే జాగాలోకి ఆ కన్ను రాకుండా రాయిని కొయ్యడంలో. అందం అంచున ఉంటుంది, పని జరిగే చోటు ఖాళీగా ఉంటుంది. మ్యూజియంలో సానను చూసేటప్పుడు నేను మొదట ఆ ఖాళీ జాగానే చూస్తాను.

ఈ విద్యలో బాగా పేరు తెచ్చుకున్న ఒకామె ఉంది. 18వ శతాబ్దం తొలినాళ్ళలో సుజౌలో పనిచేసిన గు ఆర్‌నియాంగ్. మామగారింటి వృత్తిని అందుకుని ఆ ఇంటి పేరు నిలబెట్టింది. కాలి కొసతో రాయిని తాకి నాణ్యం చెప్పేదని జనం కథలు చెప్పుకున్నారు. ఆమె అన్నదిగా ఒక మాట నిలిచింది. సాన ఒకే రాతిలోంచి వచ్చేది, దాన్ని గుండ్రంగా, జీవంతో, నిగనిగలాడేలా మలచాలి, బిగుసుకుపోయినట్టు బక్కగా ఉంచితే అది రాయి పుట్టుగుణమేగా, ఇక చెక్కడం దేనికి అని. ఫూజియన్‌కు చెందిన కవి, అధికారి హువాంగ్ రెన్ దువాన్ రాళ్ళ మీద ప్రాణం పెట్టిన మనిషి. తన రాళ్ళను ఆమె చేత చెక్కించుకుని, ఆమె మీద పద్యం కూడా రాశాడు. చేతిపనివాళ్ళ పేర్లు, అందులోనూ ఆడవాళ్ళ పేర్లు దాదాపుగా నిలవని కాలంలో ఆమె పేరు నిలిచింది. తర్వాత ఆమె సంతకంతో నకిలీలు గుట్టలుగా వచ్చాయి.

సాన మీద మోజు ఎంతదూరం పోయిందో చెప్పడానికి చైనాలో మి ఫు కథ చెబుతారు. మి ఫు (1051–1107) సోంగ్ కాలపు గొప్ప లిపికారుడు, రాళ్ళంటే పిచ్చి. హుయ్‌జోంగ్ చక్రవర్తి ఒకసారి పిలిపించి, తన బల్ల మీది సానే వాడి రాయమన్నాడట. రాత అయ్యాక మి ఫు మోకరిల్లి, ఈ సాన నా చెయ్యి తగిలి మైలపడింది, ఇక ప్రభువులు వాడడం తగదు అన్నాడట. చక్రవర్తి నవ్వి ఇచ్చేస్తే, సిరా ఆరకముందే గుండెకు హత్తుకుని, బట్టలన్నీ నల్లబడుతుంటే పరుగెత్తాడట. మి ఫు ఆ రాయిని వాడుకోవడానికే అడిగాడు. కథలో నాకు నచ్చేది ఆ తడి సిరాయే.

దానికి పూర్తిగా ఎదురు కథ సిరాది. అది చెప్పే ముందు సిరా ఎలా పుడుతుందో చూడాలి. చైనా సిరా అంటే మసి, జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు. ముఖ్యమైనవి ఈ రెండే. మనవాళ్ళు ఆముదం దీపం మీద కాటుక పట్టినట్టే వాళ్ళూ పట్టారు. దేవదారు జాతి కట్టెలు కాల్చి పట్టిన మసి నీలిఛాయతో, మెరుపు లేకుండా ఉంటుంది. తుంగ్ చెట్టు గింజల నూనె దీపాల మసి వెచ్చటి నలుపుతో నిగనిగలాడుతుంది. ఆ మసిలో జిగురు కలిపి, పచ్చకర్పూరం, కస్తూరి లాంటి సుగంధాలు చేర్చి, రోకళ్ళతో దంచుతారు. జిగురు తక్కువ, పోటు లక్ష అనేది వాళ్ళ పాత సూత్రం. జిగురు ఎక్కువైతే సిరా సాగుతుంది, తక్కువైతే కడ్డీ నిలవదు. ఆ లోటును దంపుడు పూడుస్తుంది. దంచిన ముద్దను చెక్క అచ్చుల్లో వత్తి, తిరగేస్తూ నెలల తరబడి నీడన ఆరబెడతారు. మసి అంటే కర్బనమే కాబట్టి ఈ నలుపు వెలవదు. వెయ్యేళ్ళ నాటి రాత ఇప్పటికీ నల్లగా ఉండడానికి కారణం అదే.

అచ్చు ఉందంటే బొమ్మ వచ్చిందన్నమాటే. మసిముద్ద ఎంత మెత్తనిదంటే అచ్చులోని వెంట్రుకవాసి గీత కూడా దాని మీద పడుతుంది. తూర్పు చైనాలోని అన్‌హుయ్ రాష్ట్రానికి దక్షిణాన ఉన్న హుయ్‌జౌ ప్రాంతంలో పుస్తకాల బొమ్మల కోసం చెక్క అచ్చులు చెక్కే నేర్పరులుండేవారు. సిరా చేసేవాళ్ళూ అక్కడే ఉన్నారు. డబ్బున్న వర్తకులకూ ఆ ప్రాంతంలో కొదవ లేదు. ఈ మూడూ కలిసిన చోట సిరా కడ్డీ చిన్న శిల్పమైంది.

16వ శతాబ్దం చివర హుయ్‌జౌలో ఇద్దరు సిరా వ్యాపారుల మధ్య పోటీ పగగా మారింది. ఫాంగ్ యూలూ 1588లో తన సిరా బిళ్ళల బొమ్మలతో ఒక అందమైన పుస్తకం అచ్చు వేయించాడు. చెంగ్ జున్‌ఫాంగ్ దానికి దీటుగా ఇంకా పెద్ద పుస్తకం తెచ్చాడు. అందులో, కాపాడిన మనిషినే తినబోయిన తోడేలు కథను బొమ్మగా వేయించి ఫాంగ్‌ను ఎత్తిపొడిచాడు, ఫాంగ్ తన దగ్గరే పని నేర్చుకున్నాడని. బీజింగ్‌లో ఉన్న ఇటలీ క్రైస్తవ గురువు మత్తెయో రిచ్చిని కలిసి, ఆయన ఇచ్చిన బైబిల్ చిత్రాలను కూడా 1606 ప్రాంతంలో ఆ పుస్తకంలో చేర్చాడు. అరగదీస్తే కరిగిపోయే మసిబిళ్ళను అమ్ముకోవడానికి ఇంత హంగు. ఆ పుస్తకాలు ఈ రోజు చైనా ముద్రణకళలో మేటి నమూనాలు.

అప్పటికే సిరా కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని నీళ్ళలో ముంచేవాళ్ళు కాదు. దాచుకునేవాళ్ళు. ఈ జబ్బు ఇంకా పాతది. పదో శతాబ్దంలో లి టింగ్‌గుయ్ అనే పనివాడి సిరాను మించింది లేదని పేరు. వందేళ్ళ తర్వాత షి చాంగ్‌యాన్ అనే ఒకాయన ఆ సిరాను కూడబెట్టి, ఎవర్నీ అరగదీయనివ్వలేదట. ‘నువ్వు సిరాను అరగదీయకపోతే సిరాయే నిన్ను అరగదీస్తుంది’ అని ఎవరో వేళాకోళం చేశారు. మహాకవి సు షి (1037–1101) ఈ ముచ్చట రాసిపెట్టి ఒక వాక్యం చేర్చాడు: ఇప్పుడు చాంగ్‌యాన్ సమాధి మీది చెట్లు పెద్దవయ్యాయి, సిరా మాత్రం చెక్కుచెదరలేదు. సు షికి కూడా సిరా అంటే ప్రాణమే. హైనాన్ దీవికి ప్రవాసం పోయినప్పుడు సొంతంగా మసి పట్టబోయి ఇల్లు తగలబెట్టుకున్నంత పని చేశాడని అంటారు. కానీ ఆయన కడ్డీలు అరిగాయి.

చింగ్ వంశం (1644–1912) వచ్చేసరికి అరగదీయని సిరాయే ఒక ప్రత్యేకమైన కళ అయింది. హాంగ్‌జౌ పడమటి సరస్సు దృశ్యాలతో పదేసి బిళ్ళల సెట్లు చేశారు. రాజోద్యానాల భవనాలతో హు కైవెన్ అంగడి చేసిన 64 బిళ్ళల సెట్టు ఉంది. ఒక్కోటి ఒక్కో ఆకారంలో, లక్కపెట్టెల్లో, పట్టుగుంటల్లో ఉంటాయి. నా ఎర్ర శాటిన్ పెట్టె వాటికే దూరపు వారసురాలు. వాటి చెక్కడం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. అయినా మ్యూజియంలో వాటి పక్కన ఒక కొస ఏటవాలుగా అరిగిన, సగం మిగిలిన పాత కడ్డీ ఉంటే నా కాళ్ళు దాని దగ్గరే ఆగుతాయి. ఎవరి చెయ్యో దాన్ని ఏటవాలుగా పట్టుకుందని కొస చెబుతుంది.

ఈ నిధులు ఎక్కువగా అన్‌హుయ్ దక్షిణానే ఎందుకు పుట్టాయి? కట్టెలకు హువాంగ్‌షాన్ అడవులు, సానకు లాంగ్‌వే రాయి, కాగితానికి జింగ్ ప్రాంతపు చింగ్‌తాన్ చెట్టు బెరడు, వరిగడ్డి, స్వచ్ఛమైన సెలయేళ్ళు. దానికి తోడు ఒక రాజు. దక్షిణ టాంగ్ రాజ్యపు చివరి పాలకుడు లి యూ 961 నుంచి 975 వరకు నాన్‌జింగ్ నుంచి ఈ ప్రాంతాన్ని ఏలాడు. యుద్ధం చేతకాలేదు గానీ కవిత్వం అబ్బింది. మంచి కాగితం చేయించి తన మందిరం పేరు పెట్టుకున్నాడు. లి టింగ్‌గుయ్ కుటుంబానికి ‘లి’ అనే రాజుగారి ఇంటిపేరే దక్కింది. లాంగ్‌వే సానలకు ఆ రాజ్యంలో ఒక అధికారి ఉండేవాడు. రాజ్యం పోయింది, ఆ మూడు పేర్లూ నిలిచాయి.

కాగితం సంగతి త్వరగా చెప్పేస్తాను, అద్దాల వెనక దాని గొప్పతనం కనబడదు కాబట్టి. ఆ చింగ్‌తాన్ బెరడుతో చేసే ష్వెన్ కాగితం మీద తడి కుంచె ఎంతసేపు ఆగిందో ఆ మేరకు సిరా పాకుతుంది, చెయ్యి వణికితే వణుకూ కనిపిస్తుంది. బెరడును కొండవాలు మీద ఎండకూ వానకూ నెలల తరబడి ఆరవేసి తెల్లబరిచే ఆ విద్యను 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కాగితం అలంకార వస్తువైంది ఉత్తరాల దగ్గర. టాంగ్ వంశకాలపు (618–907) కవయిత్రి షుయె తావ్ చెంగ్డూలో చిన్న పద్యాలకు సరిపడా గులాబిరంగు చిట్టి కాగితాలు చేయించుకుంది. మింగ్ వంశకాలం (1368–1644) చివర నాన్‌జింగ్‌లో హు జెంగ్‌యాన్ రంగురంగుల అచ్చులతో, రంగే లేకుండా ఉబ్బెత్తుగా వత్తిన గీతలతో ఉత్తరాల కాగితాలు వేశాడు. వాటి మీద రాయాలంటే చెయ్యి రాదు.

ఇక కుంచె. వెంట్రుక మేక, ముంగిసను పోలిన వీజల్, కుందేలు. జెజియాంగ్‌లోని హూజౌ కుంచెలకు పేరు. మొన వాడిగా, కొసలు సమంగా, పొట్ట గుండ్రంగా, ఒత్తితే తిరిగి లేచేలా ఉండాలనేది నాలుగు మాటల లక్షణం. అరిగిపోయే వెంట్రుకకు అలంకారం చెయ్యలేరు కాబట్టి అలంకారమంతా కాడ మీదికి వెళ్ళింది. దంతం, లక్క, పచ్చరాయి, బంగారు గీతలు. మింగ్ చక్రవర్తి వాన్‌లీ కాలంలో పింగాణీతోనూ కాడలు చేశారు. చేతిలోకి తీసుకుంటే బరువు, చలికాలం చల్లన. ఆ కాలంలోనే వెన్ జెన్‌హెంగ్ (1585–1645) అనే సుజౌ పెద్దమనిషి ఇంటి వస్తువుల అభిరుచి మీద ఒక పుస్తకం రాసి తీర్పు చెప్పాడు: బంగారం, వెండి, దంతం, తాబేటి చిప్ప, చెక్కడాల కాడలన్నీ మోటు. అన్నిటికంటే సొగసైంది మచ్చల వెదురు. భర్త షున్ చక్రవర్తి చనిపోతే ఇద్దరు రాణులు ఏడ్చిన కన్నీళ్ళు పడి మచ్చలయ్యాయని కథ చెప్పే వెదురు అది.

ఆయన మోటు అన్నవాటిలో జితాన్ కాడ కూడా ఉంది. ఇక్కడ తెలుగువాళ్ళం ఆగాలి. జితాన్ అంటే ఇప్పటి చైనా కలప ప్రమాణాల ప్రకారం మన ఎర్రచందనమే. శేషాచలం, వెలిగొండ, నల్లమల దక్షిణపు కొసల్లో తప్ప సహజంగా దాదాపు ఎక్కడా పెరగని చెట్టు. నీళ్ళలో మునిగేంత బరువైన చేవ, కోసినప్పుడు ఎరుపు, ఏళ్ళు గడిచేకొద్దీ ఊదా కలిసిన నలుపు. చింగ్ దర్బారుకు ఈ కర్ర మీద తీరని మోజు. కుర్చీలు, బల్లలే కాదు, సానల పెట్టెలు, పచ్చరాతి బొమ్మల పీటలు, కుంచెలు నిలబెట్టే కుండీలు దీంతోనే చేయించారు. మనకు శ్రీవారి కొండల చెట్టు, వాళ్ళకు రాతబల్ల మీది గౌరవం. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందపు నియంత్రణ ఉంది. అయినా అడవిలో గొడ్డలి చప్పుడు ఆగలేదన్నది తిరుపతి, కడప వైపు వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. దొంగరవాణాలో పట్టుబడే దుంగల వెనక వందల ఏళ్ళ అభిరుచి ఉందని తెలిసినప్పుడు నాకు గర్వం, బాధ రెండూ కలిగాయి.

వెన్ జెన్‌హెంగ్ తీర్పులో ఒక సూక్ష్మం ఉంది. జితాన్ కాడ వద్దన్న ఆయనే, జితాన్ కుంచెల కుండీ అప్పుడప్పుడూ ఫరవాలేదన్నాడు. నాకు తోచిన కారణం ఇది. కాడ చేతిలో కదిలేది, దానికి బరువు పనికిరాదు. కుండీ బల్ల మీద నిలిచేది, దానికి బరువు మేలు. అలంకారం మంచిదా చెడ్డదా అన్నది ఆయన ప్రశ్న కాదు. అది చేతికి అడ్డం వస్తుందా అన్నదే ప్రశ్న. అందుకే కుంచె చుట్టూ ఉన్న వస్తువుల్లో కళ మరింత స్వేచ్ఛగా విరిసింది: జియాడింగ్ ఊళ్ళో జు వంశీయులు మూడు తరాలు చెక్కిన వెదురు కుండీలు, అయిదు శిఖరాల కొండలాంటి కుంచె ఆనుడు పీటలు, ముంజేయి తడి సిరాకు తగలకుండా పెట్టుకునే వెదురు బద్దలు, నీటిచుక్క బుడ్లు, కుంచె కడుక్కునే గిన్నెలు.

ఆ కడుక్కునే గిన్నె ఒకటి, పదమూడు సెంటీమీటర్ల వెడల్పుది, 2017 అక్టోబరులో హాంకాంగ్ సోథ్‌బీస్ వేలంలో 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. అంతకుముందు ఏ చైనా పింగాణీకీ అంత ధర రాలేదు. ఉత్తర సోంగ్ దర్బారు కోసం చేసిన రు పింగాణీ అది. ప్రపంచం మొత్తం మీద ఆ రకం వందలోపే మిగిలాయి. దాని మీద డ్రాగన్ లేదు, పువ్వు లేదు. వాన వెలిశాక ఆకాశంలాంటి నీలం కలిసిన ఆకుపచ్చ పూత, అందులో సన్నటి పగుళ్ళ వల, అంతే. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఎవరో అందులో సిరా కుంచె జాడించి ఉంటారని తలుచుకుంటే ఆ ఖాళీ గిన్నె నిండుగా కనిపిస్తుంది.

1905లో చైనాలో రాచకొలువు పరీక్షలు రద్దయ్యాయి. లక్షలాది కుర్రాళ్ళు తెల్లవారుజామున సిరా అరగదీయాల్సిన అవసరం దాంతో పోయింది. అప్పటికే 1865 నుంచి బీజింగ్‌లో యీదెగె అంగడి సీసాలో పోసిన సిరా అమ్ముతోంది. తర్వాత ఫౌంటెన్ పెన్ను వచ్చింది. అవసరం తగ్గినకొద్దీ వస్తువు షోకేసులోకి జరిగింది. అరగదీయాల్సిన చెయ్యి లేనప్పుడు రాయి గరుకో నునుపో అడిగేవాళ్ళూ ఉండరు. అంగడివాళ్ళు డ్రాగన్‌ను ఇంకొంచెం పెద్దది చేశారు. నా పెట్టెలోకి వచ్చింది అలాంటి రాయే.

అలాంటివి కొనేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. దంతపు కాడ అని అంటే తాకవద్దు. చైనాలోనూ 2017 చివర నుంచి దంతం వ్యాపారం నిషిద్ధం, మన దేశంలోనూ నేరమే. పాత సిరా కడ్డీలు ఉంటే ఏసీ గాలి తగలనివ్వకండి, జిగురు ఎండి నిలువునా పగులుతాయి. కాగితంలో చుట్టి అల్మారాలో పెట్టండి. కుంచెల దగ్గర కర్పూరం ఉంచండి, పురుగు పట్టదు.

ఆ ఆదివారం తర్వాత పెట్టెలోని ఒక కుంచెను కూడా పరీక్షించాను. కొత్త కుంచె మొన గంజి పెట్టి అతికించి ఉంటుంది, ముల్లులా గట్టిగా. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే గంజి వదిలి, వెంట్రుకలు తామరమొగ్గలా ఉబ్బాయి. వేలితో ఒత్తితే మళ్ళీ లేచి ఒకే మొనగా కలిశాయి. మామూలు మేక వెంట్రుక, సాదా వెదురు కాడ. పెట్టె మొత్తంలో డ్రాగన్ లేని వస్తువు అదే. ఇప్పుడది మా గంధపు సాన పక్కన, స్టీలు గ్లాసులో నిలబడి ఉంది. డ్రాగన్ రాయి కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంటోంది.